ఎడమవైపు గొట్టం

జూన్ 3

షెడ్డు తాళం తీసి బండిని చూస్తే నాకే సిగ్గేసింది. బతుకంతా ఊళ్లోవాళ్ల బండ్లకి రంగులేసి మెరిపించి పంపినవాణ్ని, నా బండికి మాత్రం తుప్పు పట్టిన చోటల్లా గుడ్డతో తుడిచి నడిపేశాను. రోజూ తిరిగే బండి కదా, రేపు చూద్దాంలే అనుకునేవాణ్ని. ఇప్పుడు చేతినిండా ఖాళీయే.

ముందు సైడ్‌కారు విడదీశాను. దాన్ని చెల్లెలు తొట్టి అంటుంది. రెండు బోల్టులు మర్యాదగా ఊడొచ్చాయి, వెనకది మొండికేసింది. నూనె పోసి వదిలేశాను.

చెల్లెలు పెళ్లి చేసుకుని వెళ్లి నెల దాటింది. యాభై దాటాక పెళ్లేమిటని ఎవరైనా అంటే ఊరుకోను, ఆమె ఇష్టం. నాకేం బాధ లేదు. ఇది నాకోసం నేను రాసుకునేది కాబట్టి అబద్ధం రాయాల్సిన పని లేదు. ఇల్లు కొంచెం పెద్దదైనట్టుంది, అంతే.

జూన్ 4

ఎదురింటి దర్జీ ఆవిడ షెడ్డులోకి తొంగి చూసి, "అమ్మేస్తున్నారా?" అంది. ఒళ్లు మండింది. బాగుచేస్తున్నానని చెప్పాను. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

ఊరికే కాదు. చెల్లెలూ, ఆమె పెళ్లాడిన గడియారాల రిపేరు ఆయనా ఇక్కడికే వచ్చి ఉండాలి. ఎంత ఆలోచించినా ఇందులో నాకు తప్పు కనిపించడం లేదు. ముందుగది వీధి వైపే ఉంది, గడియారాల ఆయన కొట్టు పెట్టుకోవచ్చు. చెల్లెలు ఆయన ఊరి ఆఫీసుకి బదిలీ చేయించుకుందంటే, మళ్లీ ఇటు చేయించుకోవడం ఎంతసేపు. అక్కడ ఆఫీసుకి నడిచి వెళ్తోందట. ఆ కాలితో, కర్ర పట్టుకుని, నడిచి. ఇక్కడైతే గుమ్మంలో ఎక్కించుకుని గుమ్మంలో దింపుతాను, నాన్న పోయినప్పటి నుంచీ దింపినట్టే. బండి కొత్తదానిలా తయారైతే ఆమె కాదనలేదు.

ఈ మాట ఇప్పుడే ఎవరికీ చెప్పను.

జూన్ 8

మూడో బోల్టు వచ్చింది. సైడ్‌కారుని గోడ పక్కన పెట్టి గోనెపట్టా కప్పాను. సీటు, ట్యాంకు, చక్రాలు, ఇంజను అన్నీ విప్పేశాక వట్టి ఎముకల గూడు మిగిలింది. దాన్ని చూరు కొక్కేనికి వేలాడదీశాను.

జూన్ 11

వెల్డరు వచ్చాడు. ఇంట్లోనూ నల్ల కళ్లద్దాలు తీయడు కాబట్టి వాడిని అందరూ దొర అంటారు. నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. వాడి నోరు మాత్రం ఎవరికీ స్నేహితుడు కాదు.

"గాలిగొట్టంతో ఇసుక కొట్టిచ్చెయ్. రంగంతా లేచి పూటలో తెల్లగా అయిపోద్ది," అన్నాడు.

"ఇసుక కొడితే నంబరు పోతుంది," అన్నాను.

హ్యాండిల్ మెడ దగ్గర కంపెనీవాళ్లు పంచ్ కొట్టిన నంబరు ఉంది. ఒక అంకె కాస్త వంకరగా పడింది. కొట్టినవాడు ఆ నిమిషంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడేమో. దాని మీద టేపు పొరలు పొరలుగా అంటించాను. గొట్టాలు కలిసే చోట ఇత్తడి కరిగించి అతికి, ఆకురాయితో రుద్దిన గీతలు కూడా ఉన్నాయి. అవి కూడా పోకూడదు. లప్పం పెట్టి వాటిని నున్నగా పూడ్చేస్తే అది కొత్త బండి అవుతుంది గాని ఈ బండి కాదు. అందుకే రంగు తీసే మందు రాసి, మెత్తబడ్డాక చెక్కబద్దతో గీకుతున్నాను.

ఒకచోట నలుపు కింద ఆకుపచ్చ బయటపడింది. ముదురు ఆకుపచ్చ, దాని మీద సన్నటి మీగడరంగు గీత. ఈ బండికి నలుపు తప్ప ఇంకో రంగు ఉన్నట్టు నాకు గుర్తే లేదు.

దొర చంకలు గుద్దుకున్నాడు. "ఇదిరా అసలు రంగు. మీ నాన్న సైడ్‌కారు పెట్టించినప్పుడు రెంటికీ కలిసొచ్చేలా నలుపు పూసుంటాడు. నువ్వు అసలుది ఉంచుతానంటున్నావు కదా, ఇదేసెయ్."

"మా నాన్న వేసిందే నాకు అసలుది."

"అయితే కంపెనీవాడు వేసిందేంటి, నకిలీనా?"

టీ తాగి వెళ్లమన్నాను. తాగాడు, వెళ్లలేదు. నలుపే వేస్తాను. చెల్లెలికి తెలిసిన బండి నల్లది.

జూన్ 12

ఫోన్ రాలేదు.

జూన్ 13

రాలేదు. పనిలో ఉండి ఉంటుంది. కొత్త ఆఫీసు కదా.

జూన్ 15

ఇవాళ సీటు కింద ఎడమవైపు గొట్టం దగ్గరికి వచ్చాను. మందు రాయబోయి ఆగిపోయాను.

సైడ్‌కారు వైపు, జానెడు మేర రంగు మొత్తం అరిగిపోయి ఉక్కు కనిపిస్తోంది. మిగతా బండి అంతా నలుపు, అక్కడ మాత్రం ముదురు గోధుమరంగు. చాలాసేపు ఏమిటో తోచలేదు. తర్వాత సైడ్‌కారుని జరిపి పక్కన పెట్టుకుని, అందులో కూర్చుని చూశాను. నా కుడిచెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్లింది.

చెల్లెలు పట్టుకునే చోటు అది. గతుకుల్లో ఊగిపోకుండా చెయ్యి చాచి బండిని పట్టుకునేది. నేను ముందుకి చూస్తూ నడిపేవాణ్ని కాబట్టి ఎప్పుడూ గమనించలేదు. ఇన్నేళ్లూ పట్టుకుని పట్టుకుని ఇనుముకి ఉన్న రంగు అరిగిపోయింది.

సైడ్‌కారులోనే కూర్చుండిపోయాను. ఏడ్చాను. రాయడానికి సిగ్గెందుకు, చూసేవాళ్లెవరూ లేరు.

ఆ చోట రంగు వెయ్యను. తుప్పు మాత్రం తీసి, పైన రంగులేని లాకరు పూసి అలాగే ఉంచుతాను. చిన్న చిన్న గుంటలు కూడా ఉన్నాయి, దగ్గర దగ్గరగా. రాళ్లు ఎగిరి తగిలి ఉంటాయి. వాటినీ పూడ్చను.

జూన్ 16

దొరకి చూపించకుండా ఉండాల్సింది.

వాడు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వేలితో తడిమాడు. "చెయ్యి తగిలి అరిగితే నున్నగా అరుగుద్ది. గుంటలెలా పడతాయిరా?"

"రాళ్లు."

"చక్రం అటుంటే రాళ్లు ఇటెలా తగుల్తాయి?"

నీకు అతకడం తెలుసు, రంగు సంగతి నాకు వదిలెయ్యమన్నాను. మూతి ముడుచుకుని పోయాడు. పోనీ.

జూన్ 22

చెల్లెలు ఫోన్ చేసింది. బాగానే ఉందట. తిండి, ఆఫీసు, వాళ్ల వీధిలో నీళ్ల ఇబ్బంది, అన్నీ చెప్పింది. కాలు నొప్పిగా ఉందా అని అడిగాను. "లేదు అన్నయ్యా, నడిస్తే బాగానే ఉంటోంది," అంది. నడవడం దేనికి, రిక్షా ఎక్కమన్నాను. నవ్వి మాట దాటేసింది.

బండి బాగుచేస్తున్నానని చెప్పాను. "అవునా," అంది. గొట్టం సంగతి చెప్పలేదు. వచ్చినప్పుడు కళ్లారా చూడాలి. వచ్చే నెల ఓ ఆదివారం ఇద్దరూ వస్తారట.

జూన్ 23

ముందుగది ఖాళీ చేశాను. రంగు డబ్బాలు, పాత పేపర్లు, ఎప్పుడో చెడిపోయిన కుట్టుమిషను. కిటికీ దగ్గర బల్ల వేశాను. గడియారాలకి వెలుతురు ఎడమ నుంచి పడాలని ఎక్కడో విన్నాను.

ఆయన్ని నేను తిట్టుకోను. తిట్టుకోవాలంటే ముందు నన్ను నేనే తిట్టుకోవాలి. ఇంట్లో అలారం గడియారం చెడిపోయిందని చెల్లెలంటే ఆ కొట్టుకి తీసుకెళ్లింది నేనే. వారం తిరక్కుండా మళ్లీ చెడింది. మళ్లీ తీసుకెళ్లాను. నేను బండి దగ్గర నిలబడి, ఈయనకి పని రాదనుకుంటూ ఉండేవాణ్ని. ఒకే గడియారం అన్నిసార్లు ఎలా చెడుతుందని ఒక్క రోజైనా తట్టిందా ఈ బుర్రకి? తర్వాత ఆయన కొట్టు వాళ్ల సొంత ఊరికి మార్చుకున్నాడు. అప్పుడు గాని చెల్లెలు అసలు సంగతి చెప్పలేదు.

నాకు పెళ్లి కుదరలేదు. కుదరలేదనడం కంటే కుదుర్చుకోలేదనాలేమో. "వెనక పెళ్లాం, పక్కన చెల్లెలు, ముందు నువ్వు. పెళ్లాం ఒప్పుకున్నా పోలీసు ఒప్పుకోడు," అని దొర వేళాకోళం చేసేవాడు. నేనూ నవ్వేవాణ్ని.

జూన్ 29

తుప్పు పట్టకుండా కింద వేసే రెడాక్సైడు పూత అయింది. నంబరు మీద, ఆకురాయి గీతల మీద పలచగా పట్టించాను. రేపటి నుంచి నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో రుద్దుడు.

జూలై 2

రుద్దాను.

జూలై 3

రుద్దాను. మాట్లాడితే గొంతు బొంగురుగా వచ్చింది. చూసుకుంటే పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. దర్జీ ఆవిడ పలకరిస్తే దగ్గు వచ్చిందనుకుంది.

జూలై 7

నలుపు మొదటి పూత. రంగు చిమ్మే గన్ పట్టుకుంటే చెయ్యి ఇంకా వణకడం లేదు. ఎడమవైపు గొట్టం మీద ఆ జానెడు చోటుకి కాగితం చుట్టి, అంచులు టేపుతో గట్టిగా మూసి, అప్పుడు వేశాను. నాన్న సైడ్‌కారు కోసం అతికించిన మూడు కొక్కేలకీ లోపలి వైపు కూడా రంగు పడేలా చూశాను.

నాన్న వీటిని అతికించిన రోజు నాకు గుర్తుంది. జ్వరం తగ్గి లేచాక చెల్లెలికి కాలు నిలవలేదు. చిన్నపిల్ల. నాన్న ఎవరితోనూ మాట్లాడకుండా బండి తీసుకుపోయి, సాయంత్రానికి సైడ్‌కారుతో తిరిగొచ్చాడు. చెల్లెల్ని ఎత్తి అందులో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. నేను వెనక కూర్చున్నాను. ఆ రోజు ఆమె నవ్వింది. అది మాత్రం నా ఊహ కాదు.

జూలై 13

ఆఖరి పూత. ఎక్కడా కారలేదు, ఒక్క దోమ కూడా అంటుకోలేదు. కాగితం ఊడదీశాను. చుట్టూ నల్లటి మెరుపు, మధ్యలో ఉక్కు. దాని మీద లాకరు పూశాను.

నా జన్మలో ఇంత బాగా ఏ పనీ చెయ్యలేదు.

జూలై 19

రేపు వస్తున్నారు. ఇల్లు రెండుసార్లు తుడిచాను. ఎలా అడగాలో అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. ముందు గది చూపించాలి, తర్వాత బండి. భోజనం అయ్యాక అడగాలి. కడుపు నిండాక మనిషి కాదనలేడు.

జూలై 20

బస్సు దగ్గరికి వస్తానని చెప్పాను. నేను చొక్కా తొడుక్కునేలోపే నడిచి వచ్చేశారు. గుమ్మంలో చెల్లెలి మొహం మీద చెమట. కూర్చోమని కుర్చీ లాగాను గాని, ఆమె మాత్రం గుమ్మానికి ఆనుకుని నవ్వుతోంది. కాస్త ఎండకి కమిలింది. చిక్కలేదు.

ముందుగది చూపించాను. "వెలుతురు బాగుంది," అన్నాడు గడియారాల ఆయన, మర్యాదకి. చెల్లెలు బల్ల వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. మంచి సూచనే అనుకున్నాను.

కూరలో ఉప్పు ఎక్కువైంది. ఇద్దరూ బాగుందన్నారు.

భోజనమయ్యాక షెడ్డుకి తీసుకెళ్లాను. గూడు కొక్కేనికి వేలాడుతోంది, తలుపు తెరవగానే వెలుతురు పడి మెరిసింది. గడియారాల ఆయన వంగి నంబరు చదివాడు. వంకర అంకె చూసి, "దీన్ని అలాగే కాపాడారే," అన్నాడు. పని తెలిసినవాడే. చెల్లెలు చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు ఆగింది.

"ఇక్కడ రంగు వెయ్యడం మర్చిపోయావా అన్నయ్యా?"

"మర్చిపోలేదు. అది నువ్వు పట్టుకునే చోటు. అలాగే ఉంచాను."

"నేను పట్టుకునేదాన్నా?"

"మరెలా అరుగుతుంది?"

ఆమె దగ్గరికి వంగింది. గుంటల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టింది. తర్వాత తన చేతికర్ర ఎత్తి, దాని పిడికి ఉన్న ఇనపకట్టుని ఆ గుంటల పక్కన పెట్టి చూపించింది. కొట్టలేదు, పెట్టింది అంతే.

"కర్రతో కొట్టేదాన్ని," అంది.

"ఎందుకు?"

"ఆపుతావని."

నాకు అర్థం కాలేదు. ఎప్పుడని అడిగాను.

"ఎప్పుడని చెప్పను. వంతెన మీద ఒక్క నిమిషం దిగి నీళ్లు చూడాలనిపించేది. ఆఫీసులో వాళ్లు టీ తాగడానికి గుంపుగా నడిచి వెళ్తుంటే వాళ్లతో పోవాలనిపించేది. ఒక్కోసారి ఊరికే. అరిచినా ఇంజను మోతలో నీకు వినపడేది కాదు, అందుకని కొట్టేదాన్ని. అదీ వినపడలేదు. తర్వాత మానేశాను."

"ఇంటికొచ్చాక చెప్పొచ్చుగా."

"ఇంటికొచ్చాక ఇంకెక్కడ ఆపుతావు?"

కోపంగా అనలేదు. చిన్నప్పుడు పలక పగిలిందని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. గడియారాల ఆయన బయటికి వెళ్లి, ఎదురింటి గోడ మీద కాకిని చూస్తూ నిలబడ్డాడు.

"నిన్ను తప్పుపట్టడం లేదు," అంది చెల్లెలు. "నువ్వు దింపకపోతే నాకు ఉద్యోగమే లేదు, నాకు తెలుసు. కానీ ఆ గది చూడగానే అర్థమైంది అన్నయ్యా. నువ్వు అడగకముందే చెబుతున్నాను. అడిగాక కాదనడం నావల్ల కాదు. మేం ఇక్కడికి రాము."

"నేనేం అడగలేదే," అన్నాను.

"అవును," అంది. నా భుజం మీద చెయ్యి వేసింది. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు. స్టాండు దాకా వస్తానంటే వద్దంది.

జూలై 21

ఏం రాయను.

జూలై 24

దొర సరిగ్గానే చెప్పాడు. చేతితో అరిగితే అంచులు పలచబడతాయి, గుంటలు పడవు. ఇది పని నేర్చుకునేటప్పుడు మొదటి నెలలోనే తెలిసిపోయే సంగతి. ఎవరి బండి అయినా ఒక్క చూపులో చెప్పేవాణ్ని.

జూలై 26

ఇవన్నీ గడియారాల ఆయన నేర్పించిన మాటలు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అందా?

జూలై 27

నిన్న రాసింది తప్పు. నేర్పించినవాడైతే బయటికి పోయి కాకిని చూస్తూ నిలబడడు.

ఆగస్టు 2

బండి బిగించి సైడ్‌కారు తగిలించి నేనే తిరుగుదామనుకున్నాను. కానీ మనిషి లేని సైడ్‌కారు ఎడమ మలుపులో గాల్లోకి లేస్తుంది. ఇది నడిపినవాళ్లందరికీ తెలుసు. దొరని అడిగితే, "ఇసుక బస్తా వేసుకో. అందరూ వేసుకునేది అదేగా," అన్నాడు.

బస్తా తెచ్చాడు కూడా. సైడ్‌కారులో సీటు మీద పెట్టి, పట్టీతో కట్టాడు. సరిగ్గా ఆమె కూర్చున్నంత ఎత్తు వచ్చింది. చూడలేకపోయాను. తీసెయ్యమన్నాను. దొర ఎందుకని అడగలేదు, భుజాన వేసుకుని పట్టుకుపోయాడు. ఆ ఒక్క విషయంలో వాడికి రుణపడి ఉంటాను.

ఆగస్టు 5

"సైడ్‌కారు కొక్కేలు కోసెయ్," అన్నాను దొరతో.

"నలుపు మొత్తం పాడవుద్ది."

"పాడవనీ."

కోసే ముందు మరోసారి అడిగాడు. కొయ్యమన్నాను. నిప్పురవ్వలు లేస్తుంటే నేనూ నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాను, బతికిపోయాను. మూడూ కింద పడ్డాయి. ఇంతకాలం అవి బండిలో భాగమే అనుకున్నాను. కింద పడ్డాక చూస్తే మూడు ఇనప ముక్కలు.

ఆగస్టు 6 నుంచి

గీకుడు. రుద్దుడు. మళ్లీ మొదటి నుంచి. నా అంత బాగా నా పని ఎవరూ పాడుచెయ్యలేరు.

ఆగస్టు 18

ఆకుపచ్చ కలిపాను. దుకాణంలో దొరికే ఆకుపచ్చ ఏదీ సరిపోలేదు. ట్యాంకు పట్టీ కింద ఎండ తగలని చోట వేలెడంత పాత రంగు మిగిలింది, దాని పక్కన పెట్టి చుక్క నలుపు, చుక్క పసుపు కలుపుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి కలిసింది. ఏది పాత రంగో, ఏది నేను కలిపిందో నాకే తెలియకుండా పోయింది.

ఎడమవైపు గొట్టం దగ్గర ఆగాను. లప్పం డబ్బా చేతిలోనే ఉంది. చెల్లెలికి ఫోన్ చేసి, ఆ గుంటలు పూడ్చెయ్యనా అని అడిగాను.

"నీ బండి, నీ ఇష్టం," అంది. తర్వాత, "ఏ రంగు వేస్తున్నావ్?" అని అడిగింది. చెప్పాను. "ఆకుపచ్చా?" అని నవ్వింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడామో గుర్తులేదు, ముఖ్యమైనవేవీ కావు.

గుంటలు పూడ్చలేదు. రంగు మాత్రం వాటి మీదుగా వేసేశాను. పక్క నుంచి చూస్తే కనిపిస్తాయి.

ఆగస్టు 25

మీగడరంగు గీత. పొడుగు వెంట్రుకల కుంచె, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు. రెండోసారి దిద్దకూడదు. ఒకచోట వెంట్రుకవాసి పక్కకి పోయింది. కంపెనీవాడి గీత కూడా అక్కడే పక్కకి పోయి ఉండేది, గీకేటప్పుడు చూశాను. మా ఇద్దరికీ మోచెయ్యి అక్కడే తగులుతుందేమో.

సెప్టెంబరు 4

బండి బిగించాం. స్టార్టయింది. దొర చప్పట్లు కొట్టాడు.

ఖాళీ మైదానంలో ఎక్కాను. తిన్నగా బాగానే వెళ్లింది. మలుపు తిప్పుదామని హ్యాండిల్ తిప్పాను, బండి తిరగలేదు, నేరుగా ముళ్లకంప వైపు పోయింది. బ్రేకు తొక్కి పక్కకి పడ్డాను. సైడ్‌కారు బండి ఒరగదు, దాన్ని బలంగా చేతులతో తిప్పాలి. రెండు చక్రాల బండి అయితే ఒంటిని ఒరిగిస్తే అదే తిరుగుతుంది. ఈ మాట తెలియనివాడు లేడు. నేను మాత్రం ఎప్పుడు మర్చిపోయానో కూడా మర్చిపోయాను.

దొర నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయాడు. "ముసలాడా, సైకిలు తొక్కే పిల్లలు చూస్తున్నారు, లెగు," అన్నాడు.

మోకాలు చెక్కుకుంది. ఆకుపచ్చకి ఏమీ కాలేదు.

సెప్టెంబరు 6

మళ్లీ మైదానం. భయమేస్తోంది. ఒరిగితే పడిపోతాననిపించి చేతులు బిగుసుకుంటున్నాయి.

సెప్టెంబరు 9

కుడివైపు వచ్చింది. ఎడమవైపు రావడం లేదు. ఎడమవైపు ఎవరో ఉన్నట్టే ఉంటోంది.

సెప్టెంబరు 14

వచ్చింది.

సెప్టెంబరు 22

వాళ్ల ఊరు వెళ్లొచ్చాను. చెప్పకుండా వెళ్లాను. దారంతా ఒక్కణ్నే. వంతెన మీద బండి ఆపి దిగాను. నీళ్లు పెద్దగా లేవు, ఇసుక, మధ్యలో సన్నటి పాయ. చూడ్డానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు నిలబడ్డాను.

కొట్టు వీధి మొదట్లోనే ఉంది. బావగారు కంటికి భూతద్దం పెట్టుకుని ఓ చేతిగడియారంలో మునిగి ఉన్నారు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచి వేశారు. బండి చూడ్డానికి బయటికొచ్చి, ఎడమవైపు గొట్టం దగ్గర వంగి చూసి లోపలికొచ్చారు. చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చే వేళయిందన్నారు.

కిటికీలోంచి వీధి చివరిదాకా కనిపిస్తుంది. కాసేపటికి మలుపులో కనిపించింది. పక్కన ఇంకో ఆవిడ. ఇద్దరూ ఏదో చెప్పుకుంటూ నవ్వుతున్నారు. కర్ర ముందు, కాలు తర్వాత, మళ్లీ కర్ర. ఇంతదూరం నుంచి ఆమె నడుస్తుంటే నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. నేను చూసింది ఎప్పుడూ గుమ్మం నుంచి బండి దాకా, బండి నుంచి గుమ్మం దాకా.

ఆ రెండో ఆవిడ తన ఇంట్లోకి వెళ్లిపోయింది. చెల్లెలు ఒక్కతే అయింది. గుడ్డల దుకాణం ముందు ఆగి ఏదో గుడ్డ తాను విప్పించి, వేళ్లతో నలిపి, వద్దని తల ఊపింది. కొనలేదు. మళ్లీ నడిచింది. ఒక మెట్టు మీద కూర్చుని, ఊతానికి కాలికి కట్టుకున్న పట్టీ బిగించుకుంది. ఎండ మొహాన పడుతోంది. లేవడానికి ఒకసారి ప్రయత్నించి, మళ్లీ కూర్చుంది.

నేను కుర్చీలోంచి లేచాను.

"కూర్చోండి బావగారూ," అన్నారాయన గడియారంలోంచి తల ఎత్తకుండానే. "తనే వస్తుంది."

కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె లేచింది. నడవబోయి, అరుగు మీద ఉన్న పిల్లిని చూసి ఆగి దాంతో ఏదో మాట్లాడింది. మళ్లీ నడిచింది. కాస్త దూరమే, మామూలు మనిషికి నాలుగు అంగలు. నాకు మాత్రం ఆ వీధి తరగలేదు. పిలవాలని నోటిదాకా వచ్చింది, పిలవలేదు.

గుమ్మంలోకి వచ్చి, బయట ఆకుపచ్చ బండిని చూసి, లోపల నన్ను చూసింది. రొప్పుతోంది. మొహమంతా చెమట, మొహమంతా నవ్వు.

"ఎప్పుడొచ్చావ్ అన్నయ్యా?"

"ఇప్పుడే," అన్నాను.